ఆఖరి సాలు

రెండు చదువులు ఒకేసారి చదువుతానని సిద్దికా అన్న రోజు వాళ్ళమ్మ నసీమున్నీసా తిట్టలేదు, మెచ్చుకోనూ లేదు. "రెండు పడవల మీద కాళ్ళు పెట్టినోళ్ళ గురించి విన్నాగానీ, పడవే లేని గుంటూర్లో నీకా పనేందే?" అని మాత్రం అంది. మిర్చి గోదాముల్లో తొడిమలు తీసీ తీసీ కారం ఇంకిపోయిన వేళ్ళు ఆమెవి. కంట్లో నలక పడితే తియ్యడానికి కూతుర్ని పిలవాల్సిందే. ఆ వేళ్ళ కష్టంతోనే పిల్లని విశ్వవిద్యాలయం మెట్లెక్కించింది.

చుట్టాలు ఊరుకుంటారా? "రెండు డిగ్రీలంటే రెండు జీతాలిస్తారా?" అని ఒకరు, "ఇద్దరు మొగుళ్ళని తెస్తావా ఏంది?" అని ఇంకొకరు. సిద్దికా నవ్వేసి పుస్తకం తిరగేసుకునేది.

ఆ కోర్సే అలాంటిది. పొద్దున పూట రసాయనశాస్త్రం, మధ్యాహ్నం నుంచి సమాజశాస్త్రం. చివరి ఏడాది ఒక ప్రాజెక్టు చెయ్యాలి, అందులో రెండూ ఉండాలి. ఒకటి తప్పితే రెండోదీ పోతుంది. సిద్దికా మిరపకాయల్ని పట్టుకుంది. కాయలో పురుగుమందు ఎంత మిగిలిందో కొలవడం ఒక సగం, ఆ మందు కొట్టే మనుషుల బతుకేమిటో అడిగి తెలుసుకోవడం ఇంకో సగం. మొదటి సగానికి మాధురి మేడం, రెండో సగానికి రసూల్ సార్. వాళ్ళిద్దరూ ఒకే కారిడార్లో ఎదురెదురు గదుల్లో కూర్చుంటారు, పండక్కి కూడా పలకరించుకోరు.

పిల్ల తెలివైంది, అందులో అనుమానం లేదు. కాకపోతే ఒక తెలివి పని చేస్తుంటే రెండోది గుర్రుపెట్టి నిద్రపోయేది. ల్యాబు చేతితొడుగులు వేసుకుంటే మనుషులు కనపడరు. ఫోన్లో రికార్డింగు నొక్కితే సీసాలు కనపడవు. ఇంట్లో అయితే పాలు పొంగిపోయాయని నాలుగు తిట్లతో పోయేది. రేగళ్ళపాలెంలో అలా పోలేదు.

రేగళ్ళపాలెం గుంటూరు దాటి ఒంగోలు వైపు పోతుంటే లోపలికి వచ్చే ఊరు. నల్లరేగడి నేల. మిరప, పత్తి తప్ప ఇంకోటి వెయ్యరు. మొదటిసారి సిద్దికా సమాజశాస్త్రం పని మీద వెళ్ళింది. ఎండాకాలం, చేలన్నీ ఖాళీ. పత్తి కట్టె మోపుల నీడన చుట్ట కాల్చుకుంటూ యలమంద అనే ముసలాయన దొరికాడు. పురుగుమందు తాగి చనిపోయిన రైతుల ఇళ్ళ గురించి మెల్లగా అడిగింది.

"ఇనుకో అమ్మాయ్," అన్నాడు యలమంద. "మా ఊళ్ళో ఒక పద్ధతుంది. చేలో పంట నిలబడుండగా మనిషి అట్టా పోతే, పోయాడని మేం అనం."

"మరేమంటారు తాతా?"

"పొలానికెళ్ళాడంటాం."

సిద్దికా ఒంట్లో జల్లుమంది. భయం కాదు, సంతోషం. ఇలాంటి మాట ఒక్కటి దొరికితే రసూల్ సార్ ఎగిరి గంతేస్తాడు. ఫోను ఆయనకి ఇంకాస్త దగ్గరగా పెట్టింది.

"కాల్చేది కాలుస్తాం. శవాన్ని ఇంట్లో పెట్టుకుంటామా ఏంది?" అన్నాడు యలమంద. "కానీ పెద్దకర్మ చెయ్యం. పెళ్ళాం బొట్టు తియ్యదు. మద్దేనం పూట అన్నం క్యారేజీ తీసకెళ్ళి గట్టు మీద పెట్టొస్తది. ఆడేసిన పంట గదా, ఆడు చూసుకోవద్దా? ఆఖరి కాయ చెట్టు దిగినాక ఆడి పని అయిపోద్ది. అప్పుడు పోతాడు."

"ఆ ఆఖరి కాయ కొయ్యకుండా ఉంచేస్తే?" నవ్వుతూ అడిగింది సిద్దికా.

ముసలాయన నవ్వలేదు. "ఉంచేస్తే ఉంటాడు. పాపం గదమ్మా, అట్టా ఎవురైనా ఉంచుతారా?" అని చుట్ట నేలకేసి నలిపాడు. "అయినా మా జ్యో..." అంటుండగా బస్సు హారన్ మోగింది. తప్పితే మళ్ళీ సాయంత్రం దాకా బస్సు లేదు. సిద్దికా దండం పెట్టి పరుగెత్తింది. ఇదంతా ఎప్పటి కాలం మాటో, తాతల నాటి ఆచారమో అనుకుంది. అడగాలని తోచలేదు.

రికార్డింగు విని రసూల్ సార్ నిజంగానే కుర్చీలోంచి లేచాడు. మాధురి మేడం మాత్రం కళ్ళజోడు పైనుంచి చూసి, "కథలు బాగానే ఉన్నాయి, కాయలేవీ?" అంది. "కళ్ళంలో ఆరబోసినవి నాకొద్దు. చెట్టు మీంచి కోసినవే కావాలి. ఒక కిలో తే. మందు కొలిచే మిషను ఈ వారమే ఖాళీ. ఆ తర్వాత నీకు దొరకదు, నీ ప్రాజెక్టూ ఉండదు."

అలా రెండోసారి రేగళ్ళపాలెం వెళ్ళింది. ఈసారి చేతిలో ఐసు డబ్బా, ప్లాస్టిక్ సంచులు, చేతితొడుగులు. ఎవరి చేలో చూసినా మోడు కూడా లేదు. మిరప కట్టె పీకి వంటచెరుక్కి వాడేసుకున్నారు. బస్సు కిటికీలోంచే చూసింది, ఊరి చివర ఒక్క చేలో గట్టు వారన ఒక సాలు మిరప నిలబడి ఉంది. దాని మీద ఎర్రగా కాయలు! ప్రాణం లేచొచ్చింది పిల్లకి.

ఆ చేను నాగజ్యోతిదని చెప్పారు. ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో, నాగజ్యోతి వసారాలో కూచుని కాలి మడమకి పసుపు కట్టు కట్టుకుంటోంది. నుదుట రూపాయంత బొట్టు, చేతుల నిండా గాజులు. ఎదురుగా మూత పెట్టిన క్యారేజీ.

"అక్కా, యూనివర్సిటీ నుంచొచ్చాను. మీ చేలో మట్టి పరీక్ష చేద్దామని. ఇంటాయన ఉన్నారా?"

మట్టి అని ఎందుకందంటే, రైతులకి ఆ మాట తొందరగా అర్థమవుతుందని. కాయలు, రసాయనాలు, మిషను అంటూ కూర్చుంటే పొద్దుపోతుంది. అందరూ చేసేదే, పెద్ద అబద్ధమేం కాదు. కానీ దాని ఫలితం అంత చిన్నదిగా లేదు.

నాగజ్యోతి చెయ్యి ఆగింది. "పొలానికెళ్ళాడు," అంది.

ఇప్పుడు మనకి ఒళ్ళు జలదరించాలి. ఆ పిల్లకి మాత్రం ఏమీ కాలేదు. ఆ మాట తన ఫోన్లోనే ఉంది, బస్సులో రెండుసార్లు విని మురిసిపోయింది కూడా. అయినా ఇవాళ వచ్చింది కాయల కోసం. ఇవాళ చెవుల్లో పడేవి వేరు. "అయితే అక్కడికే వెళ్ళి ఆయన్నే అడుగుతాలే అక్కా," అంది హాయిగా.

నాగజ్యోతి ఆమె వంక అదోలా చూసింది. ఏదో చెప్పబోయి మింగేసింది. ఆ ఊరి కట్టుబాటు ప్రకారం ఆమె చెప్పకూడదు. "నాకు మడమ బెణికింది. ఎటూ ఎళ్తుండావుగా, ఈ క్యారేజీ గట్టు మీద పెడతావా అమ్మా?" అని మాత్రం అంది.

మిట్టమధ్యాహ్నం. నల్లరేగడి నెర్రెలు విచ్చి కాళ్ళ కింద పెళపెళలాడుతోంది. చేలో కాకి లేదు, ఈగ లేదు. సిద్దికా క్యారేజీ గట్టు మీద పెట్టి చూసింది. ఆకులన్నీ రాలిపోయి పుల్లల్లాంటి చెట్లు, వాటికి కాయలు. కొన్ని ఎండకి తెల్లగా తాలు పోయాయి, కొన్ని ఇంకా రక్తంలా ఉన్నాయి. గాలి లేదు. అయినా ఎండుకాయలు గలగలమంటూనే ఉన్నాయి.

సాలు చివర ఒక మనిషి నిలబడి ఉన్నాడు. వీపున మందు ట్యాంకు, మూతికి అడ్డంగా తువ్వాలు, చేతిలో గొట్టం. గొట్టం కొసనుంచి చుక్క చుక్కగా కారుతోంది. కింద నేల తడవలేదు. ఈ ఎండకి ఎప్పటికప్పుడు ఆరిపోతోందిలే అనుకుంది రసాయనశాస్త్రం పిల్ల. కోతలై నేల ఖాళీ అయ్యాక మందు కొట్టేవాడెవడని సమాజశాస్త్రం పిల్లయితే అడిగేదేమో. ఆమె ఇవాళ రాలేదు.

"నాగజ్యోతి గారి ఇంటాయన మీరేనాండీ?"

ఆయన తల ఊపాడు. ఘాటైన మందు వాసన ముక్కుకి తగిలింది.

"యూనివర్సిటీ నుంచండి. పరీక్షకి కాయలు కావాలి, ఒక కిలో. మీరు సరేనంటే కోసుకుంటా."

ఆయన గొట్టం కిందికి దించాడు. తర్వాత లోపలెక్కడో ఒరుసుకుపోయిన గొంతుతో, "కోసుకో," అన్నాడు.

"సాలంతా అక్కర్లేదండీ..."

"మొత్తం కొయ్యి. ఒక్కటి కూడా ఉంచమాక. ఆమె కొయ్యదు."

"ఎందుకు కొయ్యరండీ?"

"కొయ్యదు." ఆయన భుజం మీది ట్యాంకు పట్టీ సవరించుకున్నాడు. పట్టీ కింద చొక్కా చిరిగి ఉంది. "భుజాలు తెగిపోతుండాయమ్మా. కోత అయితేగానీ ఇది దించే ఈల్లేదు."

పాపం అనుకుంది సిద్దికా. చేతితొడుగులు వేసుకుని గబగబా కోసింది. వాళ్ళమ్మ కూతురు గదా, చెయ్యి చురుకే. ఒక్కో చెట్టూ అయిపోతుంటే వెనకనుంచి ఆ మనిషి ఒక్కో అడుగూ వస్తున్నట్టు అలికిడి. తిరిగి చూస్తే అక్కడే, అంతే దూరంలో ఉన్నాడు. చివరి చెట్టు చివరి కాయ తుంచి సంచిలో వేసింది. వెనక పట్టీ ఊడిన చప్పుడైంది. ఆ వెంటనే బరువైన ట్యాంకు నేలకి దిగినట్టు దబ్బుమని మోత, కాళ్ళ కింద నేల కూడా అదిరింది. ఆపైన ఒక నిట్టూర్పు. రోజంతా మోసినవాడు దించుకున్నప్పుడు విడిచే నిట్టూర్పే అది.

వెనక్కి తిరిగింది. మనిషి లేడు. ట్యాంకు లేదు. కనుచూపు మేర నెర్రెలు విచ్చిన నేల, దాని మీద ఎండ.

అటు పక్క చేలోకి దిగి ఉంటాడు, అని తనకి తానే చెప్పుకుంది. గట్టు మీద క్యారేజీ అందుకుంటే తేలిగ్గా తగిలింది. దాని మూత తియ్యలేదు.

డొంకదారిలో యలమంద ఎదురొచ్చాడు. "మళ్ళీ వచ్చావా అమ్మాయ్? ఆ డబ్బాలో ఏంది?"

"మిరపకాయలు తాతా."

"ఈ రోజుల్లో చెట్టు మీద కాయెక్కడిది?" అన్నాడు నవ్వుతూ. అంతలోనే నవ్వు చచ్చిపోయింది. "జ్యోతి చేలోయా? ఎన్ని కోశావు?"

"మొత్తం."

"ఎవుర్నడిగి?"

"వాళ్ళాయన్నే అడిగా తాతా. కోసుకోమన్నారు."

యలమంద ఉన్నచోటే కూలబడ్డాడు. "త్రినాథు నా తమ్ముడి కొడుకమ్మా. మార్గశిరంలో పోయాడు. నా చేతుల మీదే కాల్చాం."

చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెత ఊరికే పుట్టలేదు. పొలానికెళ్ళాడు. గట్టు మీద క్యారేజీ. కొయ్యకుండా ఉంచితే ఉంటాడు. అన్నీ విన్నవే, అన్నీ తన గొంతుతో అడిగి చెప్పించుకున్నవే. ఇన్నాళ్ళూ పక్క గదుల్లో తలుపులేసుకుని ఉన్న రెండు చదువులు ఆ డొంకదారిలో ఒకదాన్నొకటి చూసుకున్నాయి. సిద్దికా చేతిలో డబ్బా వంక చూసుకుంది. "యా అల్లా, ఆమె మొగుణ్ణి పంపించేశాను," అంది.

"ఊరంతా చెప్పి చూశాం," అన్నాడు యలమంద. "ఆఖరి సాలు కొయ్యవే తల్లీ, ఆణ్ణి పోనియ్యవే అని. ఇన్లేదు. నువ్వు బస్సెక్కెళ్ళిపో. నేను చెప్పుకుంటా."

రోడ్డు మీద బస్సు కనపడుతూనే ఉంది. సిద్దికాకి ఎక్కెయ్యాలనే ఉంది, దాచడమెందుకు? డబ్బాలో కిలో పైనే కాయలున్నాయి. అవి చేరితే రెండు డిగ్రీలూ చేతికొస్తాయి. కానీ రెండో చేతిలో క్యారేజీ ఉంది. అది ఆ ఇంటిది. సిద్దికా బస్సుకి వీపు పెట్టి వెనక్కి నడిచింది.

నాగజ్యోతి గుమ్మంలోనే నిలబడి ఉంది. పిల్ల మొహం చూసింది, డబ్బా మూత ఎత్తి చూసింది.

"మట్టన్నావు గదే!" అని అరిచింది. "మట్టి అన్నావు గదే దొంగముఖందానా!"

డబ్బా లాక్కుని, బెణికిన కాలుతోనే కుంటుకుంటూ పొలం దారి పట్టింది. సిద్దికా వెంట పరుగెత్తింది. చేరేసరికి నాగజ్యోతి సాల్లో కూలబడి, గట్టు మీద పడున్న పాత గోతాంలోంచి దారప్పోగులు లాగి, ఒక్కో కాయనీ ఉత్త కొమ్మకి కడుతోంది. కట్టిన కాయ తలకిందులై వేలాడుతోంది, ఇంకోటి జారి పడుతోంది. "ఏందలా చూస్తావు? నువ్వూ కట్టు!" అని గద్దించింది. సిద్దికా కూచుని కట్టింది. ఆ ఎండలో ఇద్దరాడవాళ్ళు కోసిన కాయల్ని మళ్ళీ చెట్లకి కడుతున్నారు. ఎవరైనా చూస్తే పిచ్చోళ్ళనేవాళ్ళు.

"అక్కా," అంది సిద్దికా చివరికి ఏడుపు ఆపుకోలేక. "ఆయన్నడిగే కోశానక్కా."

నాగజ్యోతి వేళ్ళు ఆగాయి. "నీకు కనపడ్డాడా?"

"కనపడ్డారు."

"ఆర్నెల్లు అన్నం మోశాను. నాకొక్కనాడు కనపళ్ళేదు," అంది నాగజ్యోతి. కోపమో దుఃఖమో తెలియని గొంతు. "మూత తీస్తే ఎక్కడి మెతుకు అక్కడే ఉండేది." క్యారేజీ లాక్కుని మూత తీసింది. గిన్నె అడుగు కడిగినట్టుంది. దాని వంక అలాగే చూస్తూ, "ఏమన్నాడు?" అంది.

ఇక్కడ దాచడం పాపమనిపించింది సిద్దికాకి. "మొత్తం కొయ్యమన్నారు. మీరు కొయ్యరన్నారు. భుజాలు తెగిపోతున్నాయన్నారక్కా. కోత అయితేగానీ ట్యాంకు దించేదానికి లేదన్నారు."

"దించాడా?"

"దించారు. నేను విన్నాను."

నాగజ్యోతి చేతిలోని దారం నేల మీద పడింది. చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది. "నా గురించి ఏమన్నా అన్నాడా? పోయేముందు?"

ఏమీ అనలేదు. అది నిజం. చూడనిది కొలిచానని రాయకూడదని మాధురి మేడం, విననిది విన్నానని చెప్పకూడదని రసూల్ సార్, ఇన్నేళ్ళుగా చెవినిల్లు కట్టుకుని పోరారు. వాళ్ళిద్దరికీ కుదిరిన మాట బహుశా ఇదొక్కటే. కానీ ఆ మొహం చూస్తూ లేదనడం ఎవరి తరం? సిద్దికా అబద్ధం ఆడటానికే తయారైంది. 'జ్యోతి అన్నం తిన్నదా అని అడిగారక్కా' అందామని మాట కూడా సిద్ధం చేసుకుంది.

నోరు తెరిచింది. నాలిక మీద చేదు మందు వాసన గుప్పుమంది.

"ఆ పొద్దున నువ్వన్న మాటకి కాదే జ్యోతీ నేను పోయింది."

గొంతు సిద్దికాదే. కానీ లోపలెక్కడో ఒరుసుకుపోయి ఉంది. మాట పూర్తవుతూనే రెండు చేతులతో నోరు మూసుకుంది. ఏ పొద్దున? ఏ మాట? ఆమెకేం తెలుసు?

"ఆ మాట నేనన్నప్పుడు ఇంట్లో మేమిద్దరమే," అంది నాగజ్యోతి మెల్లగా. "ఎవరికీ చెప్పలేదు నేను. యలమంద మావకి గూడా చెప్పలేదు. ఆ మాట మీదే చచ్చాడని, వెనక్కి తీసుకోకుండా ఎట్టా పంపేదని..." ఆగింది. సిద్దికా భుజాలు రెండూ పట్టుకుని మొహంలోకి చూసింది. "నిజం చెప్పు పిల్లా. నీ తలమీద నువ్వొట్టేసుకుని చెప్పు. నా మీద జాలితో అల్లావా?"

"నేను అనబోయింది వేరే మాటక్కా," అంది సిద్దికా.

నాగజ్యోతి ఆర్నెల్లు లోపలే అణిచిపెట్టిన ఏడుపు ఒక్క పెట్టున బయటికొచ్చింది. మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తూ, నేల మీద అరచేతులు చరుస్తూ ఏడ్చింది. ఆ కేక ఊళ్ళోకి వినపడి ఉంటుంది. ముందు యలమంద, ఆయన వెనక ఇళ్ళలోంచి ఆడవాళ్ళు ఒకరొకరే తలుపులు కూడా వేసుకోకుండా పొలం దారి పట్టారు.